అర సెకను ఆలస్యం దొంగను పట్టించింది!

ఆఫీసు లేదు. హాజరు పట్టీ అంతకన్నా లేదు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఒకాయన దిద్దిన ప్రోగ్రాము ఖండాంతరాల్లోని బ్యాంకుల్లో పనిచేస్తుంది. సర్వర్లు అనే పెద్ద కంప్యూటర్లలో నడిచే ఇలాంటి ప్రోగ్రాములు చాలావరకు 'ఓపెన్ సోర్స్'. అంటే లోపల ఏముందో ఎవరైనా చదవవచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు, దిద్దవచ్చు.

దిద్దిన ప్రోగ్రాములను సరిచూసి, ప్యాకేజీలుగా కట్టి అందరికీ అందించే సంస్థల్లో డెబియన్ ఒకటి. 1993లో ఇయాన్ మర్డాక్ దీన్ని ప్రారంభించారు. పలు దేశాల్లో సుమారు వెయ్యి మంది ఇళ్ల నుంచే ఈ పని చేస్తున్నారు. డెబియన్ వీరికి జీతం ఇవ్వదు. ఒక్కో ప్యాకేజీ బాధ్యత ఒకరిదో ఇద్దరిదో. లోపం ఉందని ఉత్తరం వస్తే సరిచేయాలి, పరీక్షించాలి, తన గుర్తు వేసి పంపాలి.

ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న ప్రోగ్రాము భారాన్ని ఏళ్ల తరబడి ఫిన్లండ్‌కు చెందిన లాసె కొలిన్ దాదాపు ఒక్కరే మోశారు. చెరువు తూము చూసే నీరుగంటికి రైతులు కళ్లంలోనే మేర కొలిచేవారు. కొలిన్‌కు ఆ గింజలూ లేవు. ఇది జీతం లేని పని అని 2022లో ఆయనే చెప్పుకున్నారు. అయినా, పని ఆలస్యమవుతోందని, మరొకరికి అప్పగించమని ఉత్తరాల మీద ఉత్తరాలు!

ఆ సమయానికే 'జియా టాన్' పేరుతో ఒకరు సాయానికి వచ్చి ఉన్నారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించారు. 2024 ఫిబ్రవరిలో విడుదలైన 5.6.0లో దొంగదారి పెట్టారు. రహస్య తాళం ఉన్నవారు ఆ దారిన సర్వర్లలోకి చొరబడవచ్చు.

మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ వేరే పనిమీద డెబియన్ పరీక్ష ప్రతిని నడుపుతుండగా, సర్వర్‌లోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పట్టింది. మరొకరైతే పోనీలే అనుకునేవారు. ఆయన కారణం తవ్వి, 2024 మార్చి 29న గుట్టు బయటపెట్టారు. అప్పటికి అది ఎక్కువగా పరీక్ష ప్రతుల్లోకే చేరింది. బ్యాంకులు, ఆసుపత్రులు వాడే స్థిరమైన ప్రతుల్లోకి వెళ్లి ఉంటే కథ వేరుగా ఉండేది.

డెబియన్, ఫెడోరా వెంటనే పాత ప్రతికి మళ్లాయి. మేలో కొలిన్ దొంగదారి లేని 5.6.2ను విడుదల చేశారు. జియా టాన్ ఎవరో నేటికీ తేలలేదు.