రైలును నేల కిందికి పంపిన ద్రాక్షతోట

ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున వూవ్రే అనే ఊరుంది. 1980లలో పారిస్ నుంచి తూర్ వైపు హైస్పీడ్ రైలు మార్గం వేయబోతే అది సరిగ్గా ఆ ఊరి ద్రాక్షతోటల మీదుగా పోవాల్సి వచ్చింది. ఊరి మేయర్ గాస్తోన్ ఉయే ససేమిరా అన్నారు. ఆయనకూ అక్కడే తోట ఉంది. చివరికి తోటల అడుగున దాదాపు ఒకటిన్నర కిలోమీటరు సొరంగం తవ్వారు. 1990 నుంచి రైళ్లు వేర్ల కిందుగా వెళ్తున్నాయి. పైన ద్రాక్ష కాస్తూనే ఉంది.

రామంతాపూర్‌లో ఉంటూ ఈ సంగతి చదివితే మనసు ఊరుకోదు. ఉప్పల్ నుంచి తార్నాక దాకా మెట్రో దారి పొడుగునా ఇవాళ మేడలే. పాతకాపులను అడగండి, ఈ వైపంతా కడీలు పాతి తీగలు లాగిన ద్రాక్ష పందిళ్లుండేవని చెబుతారు.

ఉయే తోట పెద్దదేం కాదు. 1928లో విక్తర్ ఉయే, కొడుకు గాస్తోన్‌తో కలిసి ల ఓ-ల్యూ అనే మడి కొన్నారు. తర్వాత ల మోన్, క్లో ద్యు బూర్ చేరాయి. మొత్తం తోట కలిపితే డెబ్బై, ఎనభై ఎకరాలు. గాస్తోన్ రెండో ప్రపంచయుద్ధంలో ఐదేళ్లు జర్మన్ల చెరలో గడిపి వచ్చి, మళ్లీ తీగల మధ్యే నిలబడ్డారు.

అక్కడ పండేది షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్ష. పండులోని చక్కెరను ఈస్ట్ దాదాపు అంతా తినేసి ఆల్కహాల్‌గా మారిస్తే అది డ్రై వైన్. ఎండ చాలని ఏడు డ్రై వైన్ ఎక్కువ, ఎండలు దండిగా కాస్తే తీపి వైన్. ఏ ఏడు ఏది చేయాలో వాతావరణమే తేలుస్తుంది. తెల్లటి సున్నపురాయి గుట్టల్లో తొలిచిన గుహల్లో సీసాలు దశాబ్దాలు నిలవుంటాయి. తొలి గుక్కలో పుల్లమామిడి ముక్క కొరికినట్టుంటుంది. అంతకాలం చెడకుండా నిలిపేది ఆ పులుపే.

గాస్తోన్ అల్లుడు నోయెల్ పింగే 1980ల చివర రసాయనాలు మాన్పించి బయోడైనమిక్ సాగుకు మళ్లారు. గాస్తోన్ 2002లో కన్నుమూశారు. మరుసటి ఏడు పెద్ద వాటా ఆంథొనీ హ్వాంగ్ అనే అమెరికా వ్యాపారవేత్త చేతికి వెళ్లింది. 2012లో పింగే కూడా తప్పుకున్నారు. అంటే యాజమాన్యం కుటుంబం చేతిలోంచి పోయింది. తోట మాత్రం తోటగానే ఉంది. కారణం చట్టం. ఫలానా సరిహద్దులో పండిన ద్రాక్షతో చేస్తేనే సీసా మీద వూవ్రే పేరు వేసుకోవాలని 1936లోనే రాసిపెట్టారు. తీగలు పీకేస్తే ఆ పేరూ పోతుంది, దాంతో వచ్చే ధరా పోతుంది. కాబట్టి కొన్నవాళ్లకూ తోటగా ఉంచడంలోనే లాభం.

మన ద్రాక్షకూ చరిత్ర ఉంది. 1890 ప్రాంతంలో హైదరాబాద్‌లో అబ్దుల్ బాకర్ ఖాన్ నాటిన తీగ నుంచే అనాబ్-ఎ-షాహీ వ్యాపించిందని చెబుతారు. ఎకరానికి సగటున పద్నాలుగు టన్నుల దాకా కాసే రకం. నిజానికి అది వైన్ పండు కాదు, తినే పండు. రసంలో చక్కెర 14 నుంచి 16 శాతమే. 12 శాతం ఆల్కహాల్‌తో డ్రై వైన్ రావాలంటే 20 శాతమైనా ఉండాలి. ఫ్రాన్స్‌లో తీగ చలికాలమంతా నిద్రపోతుంది. దక్కనులో ఆ విశ్రాంతి లేదు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో మరొకటి, ఫిబ్రవరి వచ్చేసరికి కోత. అయినా గోల్కొండ పేరుతో హైదరాబాద్ వైన్ కూడా ఒకప్పుడు అమ్ముడైంది.

బూజు తెగులు బాధించింది, బోర్లు ఎండాయి. కానీ ఇక్కడి తోటలను నిజంగా మింగింది ప్లాట్ల ధర. రైతులను తప్పుపట్టలేను. ఆ నేలను ద్రాక్షనేలగా నిలబెట్టే చట్టమూ, పేరూ వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

తాండూరు కందికి 2022లో, వరంగల్ చపాటా మిర్చికి 2025లో, వూవ్రేలాగే ఊరి పేరును కాపాడే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ద్రాక్ష విషయంలో చేయాల్సింది ఇంకా ఉంది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా కేంద్రం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వందల ఎకరాల నేల ఉంది. తార్నాక వైపు ఒక్క ఎకరంలో కడీలు పాతి అనాబ్-ఎ-షాహీ పందిరి వేయమని విశ్వవిద్యాలయాన్ని కోరుతున్నాను. మీ పెరట్లో ఇంకా పాత తీగ ఉంటే, అక్టోబరు కత్తిరింపులో వచ్చే కొమ్మలు పారేయకండి. అవి నాటితే వేళ్లు పోసుకుంటాయి.