ముందు కూర్చోవడం నేర్చుకుందాం

వ్రతానికి పీటల మీద కూర్చున్న దంపతులు సంకల్పం పూర్తికాకముందే కాళ్లు మార్చుకోవడం, కథలు మొదలయ్యేసరికి కుర్చీ కోసం చూడటం మాకు తరచుగా కనిపించే దృశ్యం. వారిని తప్పుపట్టలేం. భోజనమూ చదువూ బల్లల మీదికి చేరాక నేలతో పరిచయం తగ్గింది. అటువంటివారే 'ఇంట్లో యోగాసనాలు ఏ ఆసనంతో ఆరంభించాలి?' అని అడుగుతుంటారు. కూర్చోవడంతోనే అని నా సమాధానం.

పతంజలి మహర్షి యోగసూత్రాలలో ఆసనం గురించి ఉన్నవి మూడే సూత్రాలు. స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనమని ఆయన నిర్వచనం. ప్రయాసను సడలించినప్పుడే అది సిద్ధిస్తుందనీ చెప్పారు. ఒక్క ఆసనం పేరైనా ఆ సూత్రాలలో లేదు. పద్మాసనాది నామాలు వ్యాసభాష్యంలోనూ, స్వాత్మారాముని హఠయోగప్రదీపిక వంటి గ్రంథాలలోనూ కనిపిస్తాయి.

ఇదంతా పదిమందికీ బోధించిన నేనే పొరబడ్డాను. యాభై దాటాక ఒక కార్తికమాసంలో, జపానికి పద్మాసనమే వేయాలన్న పంతంతో పాదాలను చేతులతో తొడలపైకి లాగాను. నాలుగోనాటికి ఎడమ మోకాలు వాచింది. ఆ నెలంతా జపానికి కుర్చీనే ఆశ్రయించవలసి వచ్చింది. పద్మాసనంలో తిరగవలసింది తుంటి కీలు. అది బిగిసి ఉంటే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలేమో ప్రధానంగా ముడవడానికీ చాపడానికీ ఏర్పడిన కీలు. ఈ సంగతి వైద్యుడు వివరించాకే నాకు బోధపడింది.

కనుక ఉదయమే కాలకృత్యాలు ముగించుకుని, ఖాళీ కడుపుతో, జంపఖానా పరిచి సుఖాసనంలో కూర్చోండి. దుప్పటిని నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకోండి. మోకాళ్లు తుంటికన్నా పైకి లేస్తుంటే మరో మడత వేయండి. గీత ఆరవ అధ్యాయంలో పరమాత్మ చెప్పినట్లు శరీరం, మెడ, శిరస్సు నిటారుగా ఉండాలి. శ్వాసను బిగబట్టవద్దు. నేడు కుడికాలు ముందుంటే రేపు ఎడమకాలు. దీపం ఎదుట ఐదు నిమిషాలు చాలు. నేలపై కూర్చోలేని వృద్ధులు పాదాలు నేలకు ఆనేలా కుర్చీలోనే నిటారుగా కూర్చోవచ్చు.

పది రోజులకు తాడాసనం చేర్చండి. పాదాలు నేలపై సమంగా నిలిపి, శ్వాస తీసుకుంటూ చేతులు పైకెత్తాలి. తర్వాత భుజంగాసనం. బోర్లా పడుకుని, అరచేతులు ఛాతీ పక్కన ఆనించి, నాభి నేలను విడవకుండా ఛాతీని మాత్రమే లేపాలి. గర్భిణులు, హెర్నియా ఉన్నవారు దీన్ని వేయరాదు. భోజనానంతరం కూడా కూర్చోదగినది వజ్రాసనం. మోకాళ్ల నొప్పులున్నవారికి మాత్రం అదీ వద్దు.

చివర శవాసనం. పేరు వినగానే 'ఇంట్లో ఆ మాటేమిటి?' అని ముఖం చిట్లించే పెద్దలున్నారు. హఠయోగప్రదీపికలోని పేరే అది, అలసట పోవడం దాని ఫలం. వెల్లకిలా పడుకుని దేహాన్ని నేలకు అప్పగించడమే.

నేను నేటికీ జపానికి మడత దుప్పటి మీద సుఖాసనంలోనే కూర్చుంటాను. ఈ మధ్య అర్ధపద్మాసనం కుదురుతోంది, కుడికాలితో మాత్రమే.