లోదుస్తుల బట్టపై తెల్ల చుక్కలు: పత్తి కాయ పరిపక్వతతో సంబంధం

మహిళల లోదుస్తులకు వాడే ముదురు రంగు నూలు బట్టను మంచి వెలుతురులో పరిశీలిస్తే, కొన్నింటిపై ఆవగింజ కన్నా చిన్నవైన తెల్లని చుక్కలు కనిపిస్తాయి. నలుపు, మెరూన్, ముదురు నీలం రంగులలో ఇవి స్పష్టంగా తెలుస్తాయి. లేత రంగులలో మరుగుపడతాయి. అద్దకంలో లోపం జరిగిందని సాధారణంగా భావిస్తారు. కానీ ఈ చుక్కలలో చాలావాటికి మూలం అద్దకపు యంత్రంలో కాక పత్తి కాయలో ఉంటుంది. దిగుబడి, చీడపీడల గురించి మన పత్రికలలో చర్చ విస్తారంగా జరిగినా, ఆ దూది చివరకు ఏ వస్త్రంగా మారుతున్నదన్న విషయం, అందునా లోదుస్తుల ప్రస్తావన, సంకోచం వల్ల పక్కకు పోయింది. రోజంతా చర్మాన్ని అంటిపెట్టుకొని ఉండే ఈ వస్త్రంలో పత్తి నాణ్యతాలోపం దాగదు.

చీర, చొక్కా బట్టలు పడుగు పేకలతో నేసినవి. లోదుస్తుల బట్ట అలా కాక, బనియను గుడ్డ వలె నూలును ఉచ్చులుగా మలచి ఒకదానిలో ఒకటి దూర్చి అల్లినది. ఉచ్చు సాగి తిరిగి ముడుచుకొనుట వల్ల బట్ట దేహానికి ఒదుగుతుంది. సింగిల్ జెర్సీ, రిబ్, ఇంటర్‌లాక్ అనే అల్లికలు వాడుకలో ఉన్నాయి. సాధారణంగా 30 లేక 40వ నంబరు దువ్విన నూలుతో, చదరపు మీటరుకు 140 నుండి 180 గ్రాముల బరువులో బట్ట తయారవుతుంది. సాగుడు కోసం సుమారు 5 శాతం ఎలాస్టేన్ కలుపుతారు. అల్లికకు వాడే నూలుకు పురి తక్కువగా ఇవ్వాలి. పురి ఎక్కువైతే బట్ట గరుకై, ఉతికినపుడు మెలితిరిగి, కుట్టు పక్కకు జరుగుతుంది. పురి తక్కువైనపుడు నూలును పట్టి ఉంచేది పింజ పొడవు, బలమే.

దుస్తు అడుగుభాగాన రెండు పొరలుగా కుట్టే ముక్కను గస్సెట్ అంటారు. పైబట్ట నైలాన్ లేక పాలియెస్టర్ అయినా ఈ లోపలి పొర నూలుదై ఉండాలని స్త్రీవైద్యులు సూచిస్తారు. ప్రామాణిక వాతావరణంలో నూలు 8.5 శాతం తేమను పట్టి ఉంచగా, నైలాన్ 4 శాతం, పాలియెస్టర్ 0.4 శాతం మాత్రమే పట్టుకుంటాయి. చెమట నిలిచిన చోట కాండిడా శిలీంధ్రం పెరుగుటకు అనుకూలత ఎక్కువ. ఎండలో కలుపు తీసే, పత్తి ఏరే స్త్రీలకు ఈ అంకెలు కేవలం ప్రయోగశాల వివరాలు కావు.

ముడి దూదిపై సహజంగా పలుచని మైనపు పూత ఉంటుంది. కాస్టిక్ సోడాతో ఉడికించి దానిని తొలగించి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెలుపు చేసిన తరువాతనే రంగు వేస్తారు. 1956లో మార్కెట్లోకి వచ్చిన రియాక్టివ్ రంగులు నేడు నూలు అల్లికలకు ప్రధానమైనవి. ఉప్పు సహాయంతో రంగు పోగులోనికి చేరుతుంది. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద సోడా యాష్ కలిపినపుడు సెల్యులోజ్‌తో రసాయన బంధం ఏర్పడుతుంది. బంధం ఏర్పడని మిగులు రంగును సబ్బునీటితో వేడిగా కడిగివేయాలి. ఈ కడుగుడులో పొదుపు చేసిన చౌక సరుకే చెమటకు రంగు వదులుతుంది.

రంగును పట్టుకొనేది సెల్యులోజ్ కనుక, పోగులో అది ఎంత పేరుకున్నదన్నదే అసలు ప్రశ్న. పువ్వు విచ్చిన నాటి నుండి సుమారు మూడు వారాల పాటు పోగు పొడవుగా సాగుతుంది. ఆ దశ ముగియక ముందే లోపలి గోడపై సెల్యులోజ్ పొరలు ఏర్పడుట మొదలై, కాయ పగిలే ముందు వరకు, అనగా 40-45 రోజుల వరకు సాగుతుంది. ఈ రెండవ దశ దెబ్బతిన్నచో పొడవు సరిపడా ఉన్నా గోడ పలుచనై, పోగు ఎండినపుడు రిబ్బను వలె చదునవుతుంది. ఇటువంటి పోగులు జిన్నింగ్, స్పిన్నింగ్‌లలో చిక్కుపడి చిన్న ఉండలుగా మారి, రంగును తక్కువగా పట్టి, కాంతికి తెల్లగా మెరుస్తాయి. మెర్సరైజ్ చేయుట వల్ల కొంత సవరణ సాధ్యమైనా, పూర్తిగా మృతమైన పోగులకు అదీ పనిచేయదు. తిరిగి అద్దకం వేయుట అనగా మరింత నీరు, మరింత ఉప్పు. నొయ్యల్ నది కాలుష్యంపై 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దక కర్మాగారాలను మూసివేయించిన తరువాత ఆ భారం ఎంతటిదో పరిశ్రమకు తెలిసివచ్చింది.

సూక్ష్మతను, పరిపక్వతను కలిపి కొలిచే మైక్రోనేర్ విలువ పొడవు పింజ పత్తికి మద్దతు ధర నిబంధనలలో 3.5-4.3గా ఉన్నది. అంతకన్నా తగ్గినపుడు రకమే సన్ననిదా, కాయ పండలేదా అని విచారించాలి. యార్డులో ధర ఎక్కువగా తేమ, కంటిచూపుపై తేలుతున్నందున పండిన పత్తికీ పండని పత్తికీ తేడా రైతు చేతికి అందుట లేదు. ఇది సరిదిద్దవలసిన లోపమని నా అభిప్రాయం.

చేనులో కారణాలు సుపరిచితమైనవే. కాయ ఊరే దశలో బెట్ట, పొటాష్ లోపం, ఆకులు ఎర్రబారుట, గులాబీ రంగు పురుగు, రాత్రి చలిలో ఊరే ఆలస్యపు కాయలు. పొటాషియం నైట్రేట్ లీటరు నీటికి 10 గ్రాములు, మెగ్నీషియం లోపం ఉన్నచోట మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు పిచికారీ చేయుట వల్ల ఆకులు చివరి వరకు పనిచేస్తాయి.

మరొక మూలం ప్లాస్టిక్ సంచి. దాని పీచు దూదిలో కలిస్తే రియాక్టివ్ రంగు ఏ మాత్రం పట్టక, ముదురు బట్టలో తెల్లని గీతగా తేలుతుంది. పత్తిని నూలు గుడ్డ సంచులలో ఏరి, తలకు గుడ్డ కట్టుకొని వెంట్రుకలు పడకుండా చూచుట మంచిది. పూర్తిగా విచ్చిన కాయలనే మంచు ఆరిన తరువాత ఏరాలి. చివరి తీతను, పురుగు కాయల గుడ్డిపత్తిని తొలి తీతలతో కలపక వేరుగా అమ్మాలి. పరుపులకు, దిండ్లకు అది పనికివస్తుంది, అక్కడ రంగుతో నిమిత్తం లేదు.