పట్టణ ప్రణాళికా విద్య

గత సంవత్సరం మా బి.ఏ. తరగతి విద్యార్థి ఒకడు చేతిలో ఒక కాగితంతో మా గదికి వచ్చినాడు. వారి గల్లీని వెడల్పు చేయనున్నట్లు తెలిపే నోటీసు అది. దానికి ఒక పటం జతపరచి ఉన్నది. ఇంటి గోడమీద ఎర్రరంగు గుర్తు అంతకుముందే పడినది. "సార్, ఈ గీత మా వంటగది గుండా పోతున్నదా, వీధిగుమ్మం దగ్గరనే ఆగుతున్నదా?" అని అడిగినాడు. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. పట్టా పొందిన మేము ఆ పటాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూచినాము గాని ఏమియు బోధపడలేదు. ఆ మొహల్లాలో చదువుకొన్నవారికి కొదవ లేదు. ఉపాధ్యాయులున్నారు, వకీళ్లున్నారు, ఒక డాక్టరుగారు కూడా ఉన్నారు. వారెవ్వరికీ బోధపడలేదట. ఆ గీత గీసినవారు ఎవరు, అందుకు వారు ఏమి చదివినారు అనే ప్రశ్న ఆనాడు మాలో పుట్టినది. అప్పటినుండి మేము తెలుసుకొన్న విషయాలను విద్యార్థుల ముందుంచుతున్నాము.

పట్టణ ప్రణాళిక అనగా రోడ్లు, భవనాలు గుర్తించే చిత్రలేఖనమని చాలామంది అభిప్రాయం. మా ఉర్దూ శాఖ మిత్రులు దీనిని 'మన్సూబాబందీ' అంటారు. ఆ మాటలో పన్నాగమనే అర్థచ్ఛాయ కూడా ఉన్నదని వారు నవ్వుతూ చెప్పినారు. నోటీసు అందుకొన్న ఇంటివారికి రెండవ అర్థమే ముందుగా తోచుట సహజం! కాని ఈ శాస్త్రానికి పునాది వేసిన మహనీయులలో ఒకడైన పాట్రిక్ గెడ్డెస్ ఉద్దేశం వేరు. స్కాట్లండు దేశీయుడైన ఈయన తొలుత జీవశాస్త్రవేత్త. 1914లో భారతదేశానికి వచ్చి, మన పట్టణాలు అనేకం స్వయంగా తిరిగి చూచి నివేదికలు వ్రాసినాడు. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర, పౌరశాస్త్రాల ఆచార్యుడైనాడు. వైద్యుడు రోగిని పరీక్షించకుండా మందు ఇవ్వనట్లే, పట్టణాన్ని సర్వే చేయకుండా ప్రణాళిక వేయరాదని ఆయన సిద్ధాంతం. ఇరుకు వీధులను నిలువునా కూల్చి రాజమార్గాలు వేయుట ఆయనకు సమ్మతం కాదు. శిథిలమైన ఇండ్లు కొన్ని మాత్రం తొలగించి, అక్కడ కొంత ఖాళీజాగా కల్పించి, బావిని బాగుచేసి, ఒక చెట్టు నాటితే పేట దానంతట అదే కోలుకొంటుందని ఆయన వాదం. ఇందులో ఖర్చు కూడా తక్కువే.

ఇండోరు నగరంలో ప్లేగు వ్యాధి ప్రబలియున్న రోజులలో ఆయన చేసిన పని చెప్పుకోదగినది. దీపావళి ఊరేగింపు ఎప్పటి దారిన గాక, ఏ వీధులవారు తమ ఇండ్లను బాగుగా శుభ్రపరచుకొంటారో ఆ వీధులగుండా పోవునని ప్రకటన చేయించినాడు. జనులు ఉత్సాహంతో చెత్తాచెదారం ఎత్తివేసి ఇండ్లకు సున్నాలు వేసుకొన్నారు. ఊరేగింపులో ప్లేగుకు ప్రతీకగా పెద్ద ఎలుక బొమ్మను నడిపించినారు. పారిశుధ్యపు పనివారిని సైతం పూలదండలతో గౌరవంగా నడిపించినారు. నివేదికలకంటె ఈ ఊరేగింపే ఆయన శాస్త్రాన్ని ఎక్కువ స్పష్టంగా తెలుపుతుందని మాకు తోచుచున్నది.

మన హైదరాబాదు చరిత్రలోనూ ఇటువంటి పాఠాలున్నవి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. సలహాకై 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరదకు మందును నగరంలో గాక, నగరానికి ఎగువన వెదకినారు. ఫలితమే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. నగరం దాని సరిహద్దులోనే ముగియదు. దాని నీరు, దాని ప్రమాదం, దాని కూరగాయలు అన్నీ బయటనుండియే వస్తవి. దీనినే నేడు ప్రాంతీయ ప్రణాళిక అనే పేరుతో బోధిస్తున్నారు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి, అనగా ఆరాయిష్-ఎ-బల్దా, పత్థర్‌గట్టీ వంటి వీధులను తీర్చిదిద్దినది. ఇరుకు బస్తీలను తొలగించిన ఆ మండలియే సామాన్యులకు ఇండ్లు కూడా కట్టించినది. తొలగించుటను మాత్రం అనుకరించి, కట్టించుటను మరచిన సందర్భాలు తరువాతికాలంలో ఎన్నో!

సముదాయ ప్రణాళిక అనే శాఖను గురించి ఇంకొకమాట. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ పాతనగరంలో పట్టణ సముదాయాభివృద్ధి పథకాన్ని ప్రారంభించినది. సముదాయ కార్యకర్తలు బస్తీలకు పోయి, మీకేమి కావలెనని మొదట అడిగినారు. బాలవాడీలు, స్త్రీలకు కుట్టుశిక్షణ, బస్తీవారు తమ ఇండ్లను తామే కట్టుకొనుటకు సహాయం - ఇవన్నీ క్రమంగా వచ్చినవి. యూనిసెఫ్ సహాయం కూడా లభించినది. దేశంలోని ఇతర నగరాలవారు దీనిని చూచి నేర్చుకొన్నారు. పటంలో 'ఖాళీస్థలం' అని కనిపించేది నిజానికి పేటవారి ఖబరస్తానో, పిల్లలు ఆడుకొనే జాగాయో కావచ్చును. అది తెలిసేది అడిగినవానికే.

ఇక చదువు సంగతి. ఢిల్లీలో 1955లో పట్టణ, గ్రామ ప్రణాళికా విద్యాలయం ఏర్పడి, 1959లో వాస్తుశాస్త్ర విభాగంతో కలసి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అయినది. మనకు దగ్గరగా విజయవాడలో అదే పేరుగల సంస్థ 2008లో వెలసినది. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలోనూ ఈ విద్య ఉన్నది. మాస్టర్ ఆఫ్ ప్లానింగ్ పట్టా రెండు సంవత్సరాల చదువు. జనాభాశాస్త్రం, గణాంకాలు, భూచట్టాలు, రవాణా, గృహవసతి, కంప్యూటరుపై పటాలు చేయుట మొదలైనవి నేర్పుతారు. కాని అసలు చదువు 'స్టూడియో' అనబడే తరగతిలో జరుగుతుంది. విద్యార్థులు జట్టుగా ఒక ఊరికి పోయి, ఇల్లిల్లూ తిరిగి లెక్కలు సేకరించి, ఆ ఊరికి ప్రణాళిక తయారుచేసి, అధ్యాపకుల ప్రశ్నలకు నిలబడవలెను.

ఇది ఇంజనీర్ల సొత్తని మన పిల్లలు భ్రమపడుతున్నారు. వాస్తుశాస్త్రం, సివిల్ ఇంజనీరింగు చదివినవారితోపాటు భూగోళశాస్త్రం, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రాలలో ఎం.ఏ. చేసినవారిని కూడా అనేక సంస్థలు చేర్చుకొంటున్నవి. గేట్ పరీక్షలో ఉత్తీర్ణత చాలాచోట్ల ఉపకరిస్తుంది. నియమాలు సంస్థకొక తీరుగా ఉండును గనుక ఆ సంవత్సరపు ప్రకటన చూచుకొనవలెను.

అవసరమా, అపారం. నీతి ఆయోగ్ 2021 సెప్టెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలోని 7,933 పట్టణ ప్రాంతాలలో 65 శాతానికి మాస్టర్ ప్లాన్ అనేదే లేదు. రాష్ట్రాల ప్రణాళికా శాఖలకు మంజూరైన ఉద్యోగాలు 3,945 కాగా, అందులో దాదాపు 42 శాతం ఖాళీ. కావలసినవి 12,000కు పైగా అని అంచనా. కొన్ని రాష్ట్రాలలో పట్టణ ప్రణాళికాధికారి ఉద్యోగానికి పట్టణ ప్రణాళిక చదివి ఉండవలెననే నిబంధన సైతం లేదట! ఎర్రగీతలను గురించి మాకు కలిగిన ఆశ్చర్యం ఇది చదివిన తరువాత కొంత తగ్గినది. ముసాయిదాను ప్రకటించి ప్రజల అభ్యంతరాలు స్వీకరించవలెనని చట్టాలలో ఉన్నది. ఆ గడువు ముగియకముందే పటాన్ని చదివి చెప్పగలవాడు మొహల్లాకు ఒక్కడున్నను చాలును. మాకు తెలిసినంతలో మా కళాశాలనుండి ఈ విద్యకు పోయినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఆ విద్యార్థి ఇంటి వరండా పోయినది, వంటగది మిగిలినది. ఇప్పుడతడు ఎం.ఏ. భూగోళశాస్త్రం చదువుతున్నాడు. సెలవులలో తమ గల్లీని అడుగులతో కొలిచి ఒక పటం గీసి మాకు చూపినాడు. అందులో నల్లాలు, మురుగుకాలువ, మసీదు చబూత్రా, వృద్ధులు సాయంత్రం కూర్చునే వేపచెట్టు అన్నీ ఉన్నవి. ఉత్తరదిక్కు మాత్రం తప్పుగా వేసినాడు. దిద్దుకొని రమ్మన్నాము.