మశూచికమును టీకాల శాసనమును

మశూచికము మనుష్యునివలన మనుష్యునికే సంక్రమించు వ్యాధి. రోగి యూపిరివలనను, పొక్కులనుండి రాలు పెచ్చులవలనను, అతని పక్కబట్టలవలనను ఇది వ్యాపించుచుండెను. సోకిన సుమారు పండ్రెండు దినములకు తీవ్రజ్వరమును, పిమ్మట రెండుమూడు దినములకు పొక్కులును బయలుపడును. తీవ్రమైన రకము సోకినవారిలో నూటికి ముప్పదిమంది వఱకు మరణించుచుండిరి. బ్రతికినవారిలో అనేకులకు ముఖమున మచ్చలు నిలిచెను. కొందఱు చూపు గోల్పోయిరి. తెలుగుదేశమున దీనిని "అమ్మవారు పోసినది" అని చెప్పుకొని, గుమ్మమునకు వేపమండలు కట్టి, పోలేరమ్మకు చల్లని నైవేద్యము లర్పించుచుండిరి. వేపమండలు గట్టిన యింటికి పరులు పోరాదను నాచారము మాత్రము వైద్యశాస్త్రమునకు సమ్మతమైనదే.

టీకాయను మాట జెన్నరు కనిపెట్టిన విధానముకంటె ప్రాచీనము. వంగదేశము మొదలగు ప్రాంతములలో టీకాదారులు రోగి పొక్కులలోని రసమును ఆరోగ్యవంతుని చేతిపై గీఱి యెక్కించుచుండిరి. అతనికి సామాన్యముగా స్వల్పముగనే వ్యాధి వచ్చి, తరువాత రక్షణ కలుగుచుండెను. కాని అది నిజమైన మశూచికమే గనుక, అతనినుండి యిరుగుపొరుగువారి కంటుకొనుట గలదు. ఇంగ్లండునందు ఎడ్వర్డు జెన్నరు 1796లో ఆవుల పొదుగున బుట్టు మసూరికపు రసముతో నదే రక్షణ కలుగునని చూపెను. దీనివలన ఇతరులకు మశూచికము రాదు. హిందూదేశమున మొదటిసారి 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో మూడేండ్ల బాలిక కీ టీకా పడెను.

అయితే ఆ రసమును ఉష్ణదేశమున నిలువచేయుట దుస్సాధ్యము. కావున ఒక బిడ్డకు టీకా వేసి, ఎనిమిదవ దినమున పొక్కు పండినప్పుడు దానిని చీల్చి, ఆ రసమును మఱియొక బిడ్డ చేతికి ఎక్కించుచుండిరి. టీకాలవాడు ఊరికి వచ్చినాడనగానే తల్లులు బిడ్డలను దాచుటకు ఇదియొక ముఖ్యకారణము. తన బిడ్డ పుండును మరల గెలుకుటయు, ఎవరిదో తెలియని బిడ్డ రసము తన బిడ్డ దేహమున జేరుటయు ఏ తల్లికి సమ్మతమగును? ఇతర రోగములు కూడ ఆ రసముతో సంక్రమించునను భయము నిరాధారమైనది కాదు. అధికారులు దీనిని మూఢత్వమని వ్రాసికొనిరి గాని, అందు వివేకమును కొంత గలదు. క్రమముగా దూడలనుండి తీసిన రసము వాడుకలోనికి వచ్చినప్పుడే యీ యభ్యంతరము తగ్గెను. మద్రాసు రాజధానికి కావలసిన రసమును 1899లో గిండీయందు స్థాపితమైన కింగు ఇన్స్టిట్యూటు సిద్ధపఱచుచుండెను.

1880వ సంవత్సరపు టీకాల శాసనము పురపాలక సంఘములకును, సైనిక కంటోన్మెంట్లకును ఉద్దేశింపబడినది. అది తనంతట తాను ఎక్కడను అమలునకు రాదు. స్థానిక ప్రభుత్వము ప్రకటించిన చోటనే వర్తించును. ప్రకటనకు ముందు పురవాసులు తమ యాక్షేపణలను వ్రాసి పంపుకొనవచ్చును. శాసనము వర్తించిన చోట పాతవిధమున మశూచికపు రసము నెక్కించుట నేరము. ఆఱుమాసములు నిండిన బిడ్డకు తలిదండ్రులు టీకా వేయించి, నియమిత దినమున పరీక్షకు మరల తీసికొనిపోయి, టీకా పట్టినట్లు సర్టిఫికేటు పొందవలెను. అట్లు చేయనివారికి మొదట నోటీసు. దానిని లక్ష్యపెట్టనిచో మేజిస్ట్రేటు పిలిపించి సంజాయిషీ యడుగును. ఆయన యుత్తరువునుకూడ మీఱినచో శిక్ష.

ఈ క్రమము న్యాయసమ్మతమే. లోప మింకొకచోట నున్నది. జనులలో అత్యధికులు గ్రామవాసులు. శాసనమో పట్టణములకు వ్రాయబడినది. మఱియు టీకావలన గలుగు రక్షణ కొన్ని యేండ్లకు క్షీణించును. 1880 నాటి శాసనము ముఖ్యముగా శిశువుల మొదటి టీకానే చూచినది. టీకాలు వేయువారి పనిని సంఖ్యలనుబట్టి తూచుటచే, వేయని టీకాలును రిజిస్టరులలో చేరుచుండెను. అందుచే లెక్కలు పెరిగిన సంవత్సరములలోనే వ్యాధియు ప్రబలుచుండెను.

స్వతంత్రభారతమున 1962లో మశూచికా నిర్మూలన కార్యక్రమ మారంభమైనప్పుడు మొదట లక్ష్యము జనులందఱకు టీకా వేయుటయే. వేడికి చెడని పొడిటీకా గిండీ, హైదరాబాదు మున్నగు చోట్ల తయారయ్యెను. అయినను 1974 జనవరి మొదలు మే వఱకు దేశమున పదునైదువేలమందికి పైగా మశూచికముచే మరణించిరి. వీరిలో బీహారువారే అధికులు. అప్పటికే 1973 నుండి పద్ధతి మారుచుండెను. కార్యకర్తలు రోగి చిత్రపటమును చేతబట్టి యింటింటికి తిరిగి రోగులను వెదకిరి. రోగి కనబడిన యింటికి కావలి పెట్టి, చుట్టుపట్లవారి కందఱకు టీకాలు వేసిరి. రోగిని చూపినవారికి బహుమాన మొసగిరి. తొందరలో కొన్నిచోట్ల బలాత్కారమును జరిగెను. అది ప్రశంసింపదగినది కాదు.

ఈ దేశమున కడపటి రోగి 1975 మే 24వ తేదీన అస్సాములోని కరీంగంజి రైలుస్టేషనువద్ద కనుగొనబడెను. అటుపిమ్మట రెండేండ్లు వెదకినను వేఱొకరు కానరాలేదు. అంతర్జాతీయ సంఘము 1977 ఏప్రిలులో భారతదేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ధ్రువపఱచెను. 1980 మే 8వ తేదీన ప్రపంచ ఆరోగ్యసభ భూమండల మంతటికిని అట్లే ప్రకటించెను. పిమ్మట టీకాలు వేయుట మానిరి. అందుచే ఆ కాలమునకు ముందు పుట్టినవారి భుజములమీదనే ఆ మచ్చ కానవచ్చును.