ఆపరేషను తరువాత దాంపత్యము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ప్రోస్టేట్ కాన్సరుకు ఆపరేషను చేయించుకొని వచ్చిన పెద్దలను చూడబోయినప్పుడు, కుట్లు మానినవా, అన్నము సయిస్తున్నదా అని అడిగి, ప్రార్థన చేసి వస్తాము. ఆయన మనస్సులోని ప్రశ్న వేరు. దానిని డాక్టరును అడగడు, భార్యను అడగడు, పాస్టరును అసలే అడగడు. చివరకు బస్టాండు గోడల మీది రహస్య వ్యాధుల కాగితాలే ఆయనకు జవాబు చెపుతున్నవి. అందుచేత ఈ సంగతి దాచకుండా వ్రాస్తున్నాము.

ప్రోస్టేట్ అనేది మూత్రాశయము క్రింద, మూత్రనాళము చుట్టూ ఉండే చిన్న గ్రంథి. కాన్సరు వచ్చినప్పుడు దానిని పూర్తిగా తీసివేస్తారు. పూర్వము ఆ ఆపరేషనుతో అంగస్తంభన పోవుట ఖాయమనుకొనేవారు. 1981లో అమెరికా వైద్యుడు ప్యాట్రిక్ వాల్ష్, నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరములో పీటర్ డాంకర్ అనే వృద్ధ వైద్యునితో కలిసి పరిశీలించి, స్తంభన కలిగించే నరాలు గ్రంథి లోపల కాదు, దాని వెలుపల ఇరుప్రక్కల సాగిపోతున్నవని కనుగొన్నాడు. 1982 ఏప్రిల్ 26న బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో ఆ నరాలను కాపాడుతూ 52 ఏళ్ల వ్యక్తికి ఆపరేషను చేశాడు. ఏడాది లోపల ఆయనకు శక్తి తిరిగి వచ్చింది.

అందరికీ అలాగే జరుగుతుందని మేము చెప్పము. కాన్సరు నరాలకు అంటుకొంటే వాటిని తీయక తప్పదు, ప్రాణము ముందు. కాపాడిన నరాలు కూడా కదిలించినందున చాలా కాలము మొద్దుబారి ఉంటాయి. కోలుకొనుటకు ఆరు నెలలు, ఏడాది, ఒక్కొక్కరికి రెండేళ్లు, ఆపైన కూడా పడుతుంది. వయస్సు, షుగరు, ఆపరేషనుకు ముందున్న శక్తి, ఒక ప్రక్క నరము నిలిచిందా రెండూనా అన్నదానిని బట్టి ఫలితము ఉంటుంది. మూడవ నెలలోనే ఆశ వదలుకొన్నవారు తొందరపడినట్లే.

చాలామందికి తెలియని మాట ఇంకొకటి. స్పర్శను, సుఖమును తెలిపే నరాలు వేరు. స్తంభన లేకపోయినా ఆ అనుభవము కలుగవచ్చును. వీర్యము మాత్రము రాదు, సంతానము సహజముగా కలుగదు. కేవలము వాచిన ప్రోస్టేట్‌ను మూత్రమార్గము గుండా గీకి తీసే ఆపరేషను వేరు. ఆ రెంటినీ కలిపి భయపడేవారిని కోరుట్లలో చూశాము.

మూత్రము కారుతుంటే, మూత్రమును బిగబట్టినట్లు కండరాలను బిగించి వదిలే వ్యాయామము రోజూ చేయాలి. 1998లో అమెరికాలో ఆమోదము పొందిన సిల్డెనాఫిల్ మాత్ర, నరాలు నిలిచినవారికి సహాయపడుతుంది. రెండు నరాలూ పోతే సాధారణముగా పనిచేయదు. అప్పుడు గాలి లాగే పంపు, ఇంజెక్షను, అమర్చే సాధనము ఉన్నవి. గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకొనే నైట్రేట్ మాత్రలు వాడేవారు సిల్డెనాఫిల్ ముట్టరాదు. రక్తపోటు పడిపోయి ప్రాణాపాయము కలుగును. డాక్టరు వ్రాయనిదే మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

సిరిసిల్లలో ఒక ఇంట ఆపరేషను తరువాత ఆయన మంచము వసారాలోనికి మారింది. ఆస్పత్రి ఖర్చుకు పుస్తెలతాడు కుదువబెట్టవలసి వచ్చినందుకు ఆయన చిన్నబుచ్చుకొన్నాడని ఆమె అనుకొన్నది. తాను ఇక పనికిరానని ఆమె తలుస్తున్నదని ఆయన అనుకొన్నాడు. ఎనిమిది నెలలు ఇద్దరూ బీడీలు చుట్టే చాట దగ్గర కూర్చొని పిల్లల సంగతులే మాట్లాడుకొన్నారు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయములో భార్యాభర్తల పరస్పర ధర్మమును చెప్పినప్పుడు వయస్సు పరిమితి పెట్టలేదు. చేయి పట్టుకొనుటకు, ప్రక్కన పడుకొనుటకు ఏ నరమూ తిరిగి రానక్కరలేదు.

హైదరాబాదుకు ఆపరేషనుకు బయలుదేరేవారు భార్యను కూడా డాక్టరు గదిలోనికి తీసుకొని వెళ్లండి. నరాలను కాపాడగలరా అని ముందే అడగండి. ఆపరేషను తరువాత, రెండు ప్రక్కలా నిలిచినవా, ఒక ప్రక్కనా అని అడిగి ఆ మాటను చీటీ మీద వ్రాయించుకొనండి. తరువాత చూసే ఏ డాక్టరైనా మొదట అడిగేది అదే.