లోతు మారితే గాలీ మారాలి!

సముద్రంలోకి దిగే డైవర్ల వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండర్ అనుకుంటాం. కాదు, సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. మరీ లోతుకెళితే ఆ గాలే ప్రాణం తీస్తుంది. అందుకే అక్కడికెళ్లేవాళ్లు ఊపిరిని కూడా లెక్కగట్టి కలుపుకుంటారు.

1991... అమెరికాలోని న్యూజెర్సీ తీరానికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, 70 మీటర్ల లోతున ఓ జర్మన్ జలాంతర్గామి బయటపడింది. రెండో ప్రపంచయుద్ధం నాటిది. అక్కడ అలాంటిది మునిగినట్లు ఏ రికార్డులోనూ లేదు. జాన్ చాటర్టన్, రిచీ కోలర్ తదితర డైవర్లు ఆ గుట్టు విప్పాలనుకున్నారు. 1992 అక్టోబరు నాటికే ఆ శకలం ముగ్గురిని బలితీసుకుంది. వారిలో ఇద్దరు తండ్రీకొడుకులు. ఖర్చు కలిసొస్తుందని ఆ రోజు మామూలు గాలితోనే దిగారు. లోపల కొడుకు ఇరుక్కుపోయాడు. తండ్రి విడిపించాడు. కానీ ఆ అయోమయంలో, మధ్యలో ఆగాల్సిన చోట ఆగకుండా ఇద్దరూ పైకి వచ్చేశారు. రక్తంలో బుడగలు కట్టి ప్రాణాలు పోయాయి.

గాలే మత్తు... గాలే విషం
నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 70 మీటర్ల దగ్గర అది ఎనిమిది రెట్లు. ఆ ఒత్తిడికి నైట్రోజన్ మద్యంలా తలకెక్కుతుంది. చిన్న పొరపాటు కూడా పెద్ద గండమవుతుంది. ఇక గాలిలో 21 శాతమే ఉన్న ఆక్సిజన్ పీడనం అక్కడ 1.68కి చేరుతుంది. డైవర్లు పెట్టుకున్న హద్దు 1.4. అది దాటితే ఫిట్స్ రావచ్చు. నోట్లోని మౌత్‌పీస్ జారిందా... అంతే!

చాటర్టన్ అప్పటికే మరో దారి పట్టాడు. అదే ట్రైమిక్స్: ఆక్సిజన్, నైట్రోజన్, హీలియంల మిశ్రమం. హీలియం మత్తెక్కించదు. ఉదాహరణకు 16 శాతం ఆక్సిజన్, 50 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్ కలిపితే 70 మీటర్ల దగ్గర ఆక్సిజన్ పీడనం 1.28కి దిగుతుంది. నైట్రోజన్ మత్తేమో మామూలు గాలితో 24 మీటర్ల లోతున ఉన్నంతే!

అలాగని ఒక్క మిశ్రమంతో పని జరగదు. పైకి వచ్చేటప్పుడు ఒంట్లో చేరిన వాయువులు త్వరగా బయటికి పోవాలి. అందుకు 21 మీటర్ల దగ్గర సగం ఆక్సిజన్ ఉన్న సిలిండర్, 6 మీటర్ల దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్ అందుకుంటారు. అదే ఆక్సిజన్‌ను 70 మీటర్ల దగ్గర పీలిస్తే చావే. అందుకే ప్రతి సిలిండర్ మీదా దాన్ని ఎంత లోతు వరకు వాడొచ్చో పెద్ద అంకెల్లో రాసుకుంటారు. నింపిన ప్రతిసారీ పరికరంతో కొలిచి చూసుకుంటారు.

1997లో విడిభాగాల పెట్టెకున్న ఓ ట్యాగు ఆ జలాంతర్గామి పేరు చెప్పింది... యు-869. జిబ్రాల్టర్ దగ్గర మునిగిందని అప్పటిదాకా నమ్మిన నౌక అది. అందులోని 56 మంది ఎక్కడున్నారో వాళ్ల కుటుంబాలకు అప్పుడు తెలిసింది.

హీలియం ఖరీదైనదే. కానీ ఆ తండ్రీకొడుకుల కథ తెలిసినవాళ్లు దాన్ని దండగ ఖర్చనరు.